బీమా లేకుండా గర్భంతో ఉన్నారా? చిక్కపేట తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన దారులు

చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్, కాటన్‌పేట వీధుల్లో బతుకుతున్న మన తెలుగువాళ్లలో చాలామందికి నెల జీతం చేతికే వస్తుంది. చీరల దుకాణంలో సేల్స్, కుట్టు మిషన్ పని, గోదాముల్లో మూటలు కట్టడం, హోటల్ పని, ఇళ్లలో పని. హిందూపురం, మదనపల్లె, కదిరి, ధర్మవరం వైపు నుంచి వచ్చి ఏళ్లుగా ఇక్కడే ఉన్నా రేషన్ కార్డు మాత్రం ఊళ్లోనే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. ఇంట్లో ఒకరికి నెల తప్పిందని తెలిసిన రోజు సంతోషంతో పాటు లెక్క కూడా మొదలవుతుంది: కాన్పుకు ఎంత అవుతుంది, ఎక్కడినుంచి తేవాలి?

అప్పుడు కొందరు హడావిడిగా పాలసీ కొంటారు. కొందరు నగలు తాకట్టు పెట్టి ప్రైవేటు నర్సింగ్ హోంకు వెళతారు. ఇంకొందరు కార్డు లేదు కదా అని ఐదో నెల, ఆరో నెల దాకా ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లరు. ఈ మూడింటిలో ప్రాణం మీదికి తెచ్చేది మూడోదే.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. బీమా లేకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా కాన్పు చేయించుకోవడానికి ఏ బీమా కార్డూ అక్కర్లేదు. కావలసింది తొలి మూడు నెలల్లోనే పేరు రాయించుకోవడం.

ఇప్పుడు పాలసీ కొంటే పనికొస్తుందా?

కాన్పు ఖర్చు వరకు పనికిరాదు. మనం సొంతంగా కొనుక్కునే ఆరోగ్య పాలసీల్లో ప్రసూతి ఖర్చుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. కొన్నింటిలో అది తొమ్మిది నెలలు, కొన్నింటిలో రెండేళ్లు, మూడేళ్లు, నాలుగేళ్లు కూడా. చాలా పాలసీల్లో ప్రసూతి ఖర్చు అసలు చేర్చరు. గర్భం వచ్చాక కొన్న పాలసీ ఆ కాన్పుకు చిల్లిగవ్వ ఇవ్వదు.

"అన్నీ కవర్ అవుతాయి, గర్భం సంగతి ఫారంలో రాయకండి" అని ఎవరైనా ఏజెంటు చెబితే నమ్మకండి. నిజం దాచి తీసుకున్న పాలసీలో రేపు వేరే జబ్బుకు పెట్టిన క్లెయిమ్ కూడా తిరస్కరించవచ్చు. ఆ ప్రీమియం డబ్బును బ్యాంకులో ఉంచుకుంటే స్కానింగులకు, ఆటోలకు, పాలకు, పండ్లకు పనికొస్తుంది. వచ్చే కాన్పు కోసం, కుటుంబం మొత్తం ఆరోగ్యం కోసం పాలసీ కావాలంటే తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

తెలియకుండానే ఇంట్లో ఉన్న బీమా

కొత్తది కొనే ముందు ఉన్నదేమిటో చూడండి. మొదట చూడవలసింది ఈఎస్ఐ. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే దుకాణాలు, సంస్థల్లో నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం ఉద్యోగి వాటా, 3.25 శాతం యజమాని వాటా. జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత కనిపిస్తే మీకు పది అంకెల బీమా నంబరు ఉన్నట్టే. స్లిప్పు ఇవ్వకపోతే దుకాణం లెక్కలు చూసే అకౌంటెంటును అడగండి.

భర్తకు ఈఎస్ఐ ఉంటే భార్యకు కూడా గర్భకాల పరీక్షలు, కాన్పు, ఆపరేషన్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ఉచితం. అందుకు కుటుంబ సభ్యుల జాబితాలో ఆమె పేరు, ఆధార్ చేర్చి ఉండాలి. పెళ్లయ్యాక ఆ పేరు చేర్చడం మరిచిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి, ముందు అది సరిచేయించుకోండి. బెంగళూరులో రాజాజీనగర్, ఇందిరానగర్‌లలో ఈఎస్ఐ పెద్దాసుపత్రులున్నాయి. చిక్కపేట వైపు ఉండేవాళ్లకు రాజాజీనగర్ దగ్గర.

ఉద్యోగం చేసే స్త్రీకే ఈఎస్ఐ ఉంటే వైద్యంతో పాటు 26 వారాల సెలవు కాలానికి వేతనం కూడా నగదుగా వస్తుంది. దీనికి అంతకుముందు వరుసగా రెండు చందా కాలాల్లో కనీసం 70 రోజుల చందా కట్టి ఉండాలి. మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, ఆ తర్వాతి కాన్పులకు 12 వారాలు. ఈఎస్ఐ పరిధిలోకి రాని ఉద్యోగినికి చట్టం ప్రకారం యజమానే జీతంతో సెలవు ఇవ్వాలి. కాన్పుకు ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు.

రెండోది కంపెనీ గ్రూపు పాలసీ. ఐటీ సంస్థలోనో, పెద్ద షోరూంలోనో భర్త పనిచేస్తుంటే అక్కడి గ్రూపు పాలసీలో ప్రసూతి ఖర్చు సాధారణంగా వెయిటింగ్ లేకుండానే ఉంటుంది, కానీ దానికో పరిమితి పెడతారు. భార్య పేరు చేర్చారా, పరిమితి ఎంత, పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అనే మూడు ప్రశ్నలు హెచ్‌ఆర్ వాళ్లను అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి.

ఏ కార్డూ లేనివాళ్లకు ఉన్న హక్కు

2011 జూన్ 1న కేంద్రం జననీ శిశు సురక్షా కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు చేయించుకునే ప్రతి గర్భిణికీ ఇది వర్తిస్తుంది. పేదలా కాదా, ఏ రాష్ట్రం, ఎన్నో కాన్పు అనే భేదం లేదు. పెళ్లయిందా, భర్త ఎక్కడ అని నిరూపించుకోవలసిన పని కూడా లేదు.

దీని కింద ఉచితంగా అందవలసినవి ఇవి:
- సాధారణ కాన్పు, అవసరమైతే సిజేరియన్ ఆపరేషన్
- మందులు, సెలైన్లు, ఆపరేషన్ సామాన్లు
- రక్త, మూత్ర పరీక్షలు, స్కానింగ్
- అవసరమైతే రక్తం
- సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజుల వరకు ఆసుపత్రిలో భోజనం
- ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి, తిరిగి ఇంటికి వాహనం

బిడ్డకు జబ్బు చేస్తే ఆ చికిత్స కూడా ఇందులోదే. మొదట పుట్టిన 30 రోజుల వరకే ఉన్న ఈ సౌకర్యాన్ని తర్వాత ఏడాది నిండే వరకు పెంచారు. ప్రైవేటులో బిడ్డను ఇంక్యుబేటర్‌లో పెట్టవలసి వస్తే రోజుకింత అని పడే బిల్లే కుటుంబాలను అప్పుల్లోకి నెడుతుంది. కాబట్టి ఈ ఒక్క అంశం గుర్తుంచుకున్నా చాలు.

తాయి కార్డు: మొదటి పని ఇదే

కర్ణాటకలో గర్భిణి పేరు నమోదు చేసి ఇచ్చే కార్డును తాయి కార్డు అంటారు. తాయి అంటే కన్నడంలో తల్లి. మన ఊళ్లలో ఏఎన్ఎం ఇచ్చే తల్లీబిడ్డల కార్డు లాంటిదే. ప్రతి పరీక్ష ఫలితం, బీపీ, బరువు, రక్తం శాతం, వేసిన ఇంజెక్షన్లు ఇందులో రాస్తారు. కాన్పుకు వెళ్లినప్పుడు డాక్టరు మొదట అడిగేది ఇదే.

దీన్ని మీ వీధికి దగ్గరలో ఉన్న పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు. ఎక్కడుందో తెలియకపోతే అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడగండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు. ఆధార్, ఫొటో, ఫోన్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తీసుకువెళ్లండి. ఆధార్‌లో చిరునామా ఆంధ్రదైనా, తెలంగాణదైనా ఇప్పుడు ఉంటున్న చిక్కపేట చిరునామా చెప్పి పేరు రాయించుకోవచ్చు. 12 వారాలలోపు వెళ్లడం మంచిది. ఆలస్యమైందని మానేయకండి, ఏడో నెలలో వెళ్లినా నమోదు చేయాలి.

కాన్పు లోపు కనీసం నాలుగుసార్లు పరీక్షకు వెళ్లాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షిస్తారు. 2016లో మొదలైన కార్యక్రమం ఇది. దుకాణంలో రోజూ సెలవు దొరకని వాళ్లు కనీసం ఈ ఒక్క తేదీకి ముందే సెలవు చెప్పి పెట్టుకోండి.

చిక్కపేటకు దగ్గర ఏ ఆసుపత్రి?

ఈ విషయంలో చిక్కపేట వాళ్లు అదృష్టవంతులు. అవెన్యూ రోడ్డు వెంట కె.ఆర్. మార్కెట్ వైపు దిగి వస్తే కోట దగ్గరే వాణీ విలాస్ ఆసుపత్రి. 1935లో స్త్రీలు, పిల్లల కోసం మొదలైన ఈ ఆసుపత్రికి మైసూరు మహారాణి వాణీ విలాస సన్నిధాన పేరు పెట్టారు. ఇది బెంగళూరు మెడికల్ కాలేజీకి అనుబంధంగా, విక్టోరియా ఆసుపత్రి పక్కనే ఉంది. బీపీ, షుగర్, కవలలు, ముందు సిజేరియన్ అయినవాళ్లు, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చినవాళ్లు వంటి కష్టమైన కేసులను నగరం నలుమూలల నుంచీ ఇక్కడికే పంపుతారు. మెట్రోలో వచ్చేవాళ్లకు కృష్ణరాజేంద్ర మార్కెట్ స్టేషన్ దగ్గర.

అందుకే అక్కడ రద్దీ ఎక్కువ. ఏ ఇబ్బందీ లేని సాధారణ కాన్పుకు నగర పాలిక నడిపే ప్రసూతి ఆసుపత్రులు కూడా ఉన్నాయి. టౌన్ హాల్ దగ్గరి దాసప్ప ఆసుపత్రి అలాంటిదే. శివాజీనగర్ వైపు ఉండేవాళ్లకు గోషా ఆసుపత్రి, మల్లేశ్వరం వైపు కె.సి. జనరల్ ఆసుపత్రి, దక్షిణం వైపు జయనగర్ జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. ఏడో నెల లోపే ఒక ఆసుపత్రి నిర్ణయించుకుని కనీసం రెండుసార్లు అక్కడే పరీక్ష చేయించుకోండి. రాత్రి రెండు గంటలకు నొప్పులతో మొదటిసారి గేటు దగ్గర నిలబడటానికి, అక్కడి చీటీ చేతిలో ఉండి వెళ్లడానికి చాలా తేడా ఉంది.

ఆంధ్ర కార్డు ఇక్కడ చెల్లుతుందా?

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. విడివిడిగా చూద్దాం.

రేషన్ బియ్యం: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఊరి కార్డుతో బెంగళూరు రేషన్ దుకాణంలో తీసుకోవచ్చు.

ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక: ఇది కర్ణాటక బీపీఎల్ రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఇచ్చే పథకం. ఇక్కడి ఏపీఎల్ కుటుంబాలకు ప్యాకేజీ ధరలో 30 శాతం భరిస్తారు, అదీ ఏడాదికి లక్షన్నర వరకు. ఈ కార్డు ఉన్నా నేరుగా ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి కాన్పు చేయించుకుంటే వర్తించదు. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ సౌకర్యం లేకపోతే వాళ్లు రెఫరల్ రాసిస్తారు. అత్యవసర చికిత్సలకు మాత్రం మినహాయింపు ఉంది.

ఆంధ్ర ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ: 2019 నవంబరు నుంచి బెంగళూరులోని కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని పెద్ద చికిత్సలకు వర్తింపజేశారు. సాధారణ కాన్పుకు దీన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఊళ్లో ఆయుష్మాన్ భారత్ జాబితాలో మీ పేరు ఉందేమో 14555కు ఫోన్ చేసి తెలుసుకోండి. ఉంటే మంచిదే. లేకపోయినా పైన చెప్పిన ఉచిత కాన్పు హక్కుకు ఏ లోటూ లేదు.

చేతికి వచ్చే సహాయం

ప్రధానమంత్రి మాతృ వందన యోజన: మొదటి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతలుగా ఇస్తారు. గర్భం నమోదై కనీసం ఒక పరీక్ష జరిగాక 3,000, బిడ్డ పుట్టుక నమోదై తొలి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు ఒకేసారి వస్తాయి. బీపీఎల్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఎస్సీ ఎస్టీ ధ్రువపత్రం, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయ పత్రం వంటివాటిలో ఏదో ఒకటి చాలు. ఊరి కార్డు ఇక్కడ పనికిరావడం లేదని బాధపడే కుట్టుపని, ఇంటిపని చేసేవాళ్లకు ఈ-శ్రమ్ కార్డు మంచి దారి. దరఖాస్తు అంగన్‌వాడీలో ఇవ్వాలి. భర్త ఆధార్ తప్పనిసరి కాదు.

జననీ సురక్షా యోజన: బీపీఎల్, ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే కర్ణాటక పట్టణాల్లో 600, పల్లెల్లో 700 రూపాయలు.

మాతృపూర్ణ: 2017 అక్టోబరు 2 నుంచి కర్ణాటక అంతటా అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం వేడి భోజనం పెడుతున్నారు.

భవన నిర్మాణ పనివాళ్లకు కార్మిక సంక్షేమ మండలి నుంచి ప్రసూతి సహాయం కూడా ఉంది. గత 12 నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు చూపించి సభ్యత్వం తీసుకోవాలి.

పుట్టింటి పురుడు

మొదటి కాన్పు పుట్టింట్లోనే అనే మాట మనలో గట్టిది. ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని ఊరికి తీసుకువెళతారు. వద్దని మేం అనం. బెంగళూరులో చేసిన పరీక్షలన్నీ తాయి కార్డులో ఉంటాయి, దాన్ని మరిచిపోకుండా తీసుకువెళ్లండి. ఊరు చేరిన వారంలోనే అక్కడి ఏఎన్ఎంకు చూపించి పేరు చెప్పండి. బీపీ ఉందనో, రక్తం తక్కువనో, ముందు ఆపరేషన్ అయిందనో ఇక్కడి డాక్టరు చెప్పి ఉంటే సిజేరియన్, రక్తం సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రికి ఊరు ఎంత దూరమో లెక్క వేసుకోండి. దూరమైతే అమ్మనే ఇక్కడికి రమ్మనడం మేలు. ఉచిత కాన్పు హక్కు రెండు చోట్లా ఒకటే.

కాగితాలు లేవని పంపేస్తే?

2022 నవంబరులో తుమకూరులో జరిగింది ఎవరూ మరవకూడదు. తమిళనాడు నుంచి వచ్చి అక్కడ ఉంటున్న ఒక గర్భిణి నొప్పులతో జిల్లా ఆసుపత్రికి వెళితే ఆధార్, తాయి కార్డు లేవని చేర్చుకోలేదని ఆరోపణ వచ్చింది. ఆమె అద్దె ఇంటికి తిరిగి వెళ్లి, ఇంట్లోనే కవలలను కని, బిడ్డలతో పాటు మరణించింది. ప్రభుత్వం డాక్టరును, నర్సులను సస్పెండ్ చేసింది. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి, చేతిలో కార్డు లేకుండా ఉన్న ఆ తల్లి పరిస్థితి మన ఇళ్లలో చాలామందిదే.

చట్టం ఏమంటుందో తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. అత్యవసర స్థితిలో వచ్చిన మనిషికి మొదట చికిత్స చేయడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సరైన వైద్యం అందక ఒక పేద మహిళ కాన్పులో మరణించిన కేసులో 2010 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. పేదరాలినని నిరూపించుకునే భారం గర్భిణి మీద పెట్టకూడదని, రాష్ట్రం మారినంత మాత్రాన పథకాల ఫలం ఆగకూడదని అందులో స్పష్టం చేసింది.

కాబట్టి నొప్పులతో ఉన్నప్పుడు ఎవరైనా కార్డు తెమ్మని పంపేస్తే తిరిగి ఇంటికి వెళ్లకండి. అక్కడే ఉండి డ్యూటీ డాక్టరును, రెసిడెంట్ మెడికల్ ఆఫీసరును కలవాలని అడగండి. 104కు ఫోన్ చేసి ఆసుపత్రి పేరు, సమయం చెప్పండి. వేరే ఆసుపత్రికి పంపుతామంటే రెఫరల్ చీటీ రాసివ్వమని, 108 అంబులెన్సులోనే పంపమని అడగండి. "చేర్చుకోలేం" అనే మాట కాగితం మీద రాసివ్వమంటే చాలాసార్లు చేర్చుకుంటారు. బిడ్డ పుట్టాక ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు, సూపరింటెండెంటుకు ఫిర్యాదు చేయండి.

ప్రభుత్వ ఆసుపత్రి అంటే భయం ఉంటే

భయానికి కారణం లేదని మేం అనం. 2024 నవంబరులో బళ్లారిలో సిజేరియన్ల తర్వాత తల్లులు మరణించారు, ఎక్కించిన సెలైన్ మీద అనుమానం వచ్చింది. ఆ వార్త చదివిన ఏ ఇల్లైనా ఆలోచనలో పడుతుంది. ఒక మంచం మీద ఇద్దరు, విసుక్కునే సిబ్బంది, గంటల తరబడి క్యూలు కూడా ఉన్న మాటే.

కానీ ఇంకో లెక్క కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 47.4 శాతం సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది 14.3 శాతం. కష్టం ముదిరినప్పుడు చిన్న నర్సింగ్ హోంలు కూడా చివరికి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికే పంపుతాయి. ప్రైవేటుకే వెళ్లాలనుకుంటే సాధారణ కాన్పుకు ఎంత, ఆపరేషన్‌కు ఎంత, బిడ్డకు ఐసీయూ అవసరమైతే రోజుకు ఎంత అని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మీరు వాణీ విలాస్‌లో కూడా పేరు రాయించుకుని ఉంటే అవసరమైన రోజు ఆ దారి తెరిచి ఉంటుంది.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఎన్నో నెల అయినా ఇవి కనిపిస్తే 9వ తేదీ దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి లేదా 108 పిలవండి:
- రక్తం పోవడం, ఉమ్మనీరు కారడం
- తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు వాయడం
- ఫిట్స్, స్పృహ తప్పడం
- బిడ్డ కదలికలు తగ్గడం
- జ్వరం, ఆయాసం, కడుపులో ఆగని నొప్పి

కన్నడం రానివాళ్లకు కొన్ని మాటలు: కాన్పును హెరిగె అంటారు, నొప్పిని నోవు, బిడ్డను మగు. "హెరిగె నోవు బందిదె" అంటే కాన్పు నొప్పులు వచ్చాయని. "రక్త హోగ్తిదె" అంటే రక్తం పోతోందని. ఇంట్లో అత్తకూ, ఆడబిడ్డకూ కూడా ఈ రెండూ నేర్పి పెట్టండి, ఆ సమయంలో పక్కన ఉండేది వాళ్లే.

ఈ వారమే చేయవలసినవి

- ఈఎస్ఐ ఉందేమో, అందులో భార్య పేరు ఉందేమో చూడండి.
- ఆరోగ్య కేంద్రానికి వెళ్లి తాయి కార్డు తీసుకోండి.
- అంగన్‌వాడీలో పేరు రాయించి మాతృ వందన దరఖాస్తు ఇవ్వండి.
- ఈ-శ్రమ్ కార్డు లేకపోతే చేయించుకోండి.
- కాన్పు ఆసుపత్రిని నిర్ణయించుకోండి, రక్తం గ్రూపు తెలుసుకుని అదే గ్రూపు ఉన్న ఇద్దరు బంధువులకు చెప్పి ఉంచండి.
- కార్డు, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు ఒక సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ చూపించండి.
- బిడ్డ పుట్టాక 21 రోజుల లోపు జననం నమోదైందో లేదో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి.

మీ వీధిలో, మీ దుకాణంలో కొత్తగా ఊరి నుంచి వచ్చిన గర్భిణి ఉంటే ఆమెను ఆరోగ్య కేంద్రం దాకా తీసుకువెళ్లండి. తోడుగా ఒకరు ఒక పూట పని మానుకుని వెళితే ఆ తల్లికి తాయి కార్డు చేతికి వస్తుంది.